బదులు వచ్చాకే

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసులో ఆమె, ఏసీ మోత, చల్లారిపోయిన కాఫీ. ఆసుపత్రి పాత రికార్డులను కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించే పని నెత్తిన పడి నెల దాటింది. ఈ ఒక్క ఫైలూ ఎక్కితే సాయంత్రం కూతుర్ని పార్కుకి తీసుకెళ్లొచ్చు. సెలవురోజు కూడా అమ్మమ్మకి అప్పజెప్పి పోతోందని ఆ ఆరేళ్ల పిల్ల మూడు వారాలుగా మూతి ముడుచుకునే ఉంది.

ఫైలు మామూలుదే. వరుసకొక మనిషి. పేరు, నిలువు గీత, వయసు, నిలువు గీత, ఇంటి నంబరు. అందరూ ఆ ఆసుపత్రిలో పోయినవాళ్లే. నలభై ఒక్క వేల రెండు వందల పన్నెండు మంది. దాన్ని ఎక్కించే పాత కోడుది మాత్రం నత్తనడక. ఒక్కో వరుస చదివి ఒక్కో సెకను ఆగుతుంది. మొత్తం ఎక్కేసరికి పదకొండు గంటలు దాటుతుంది. అది రాసిన పెద్దాయన కిందటేడే పోయాడు. ఆగే చోట ఒక మాట రాసిపెట్టాడు: 'పిలిచి ఆగు. బదులు వచ్చాకే తర్వాతివాళ్లు.'

"చాదస్తం కాకపోతే!" అని నవ్వుకుని ఆ ఆగే లైను తీసిపారేసింది. ఫైలంతా ఒక్క ఊపున ఎక్కేలా రాసింది. మూడు నిమిషాల్లో పని అయిపోయింది. తన భుజం తనే తట్టుకుంది.

వరుసల లెక్క చూసింది. చివర పన్నెండు ఉండాలి. పదమూడు ఉంది.

ఎక్కువ వచ్చిన వరుసలో గీతలే ఉన్నాయి, గళ్లన్నీ ఖాళీ. తీసేయబోయింది. 'ఈ వరుసను వేరొకరు వాడుతున్నారు' అంది తెర. ఆఫీసులో తనొక్కతే ఉంది.

ఏసీ మోత ఆగిపోయింది. ఎక్కడినుంచో ఫినాయిల్ వాసన...

వయసు గడిలో ఆరు పడింది. ఆమె కీబోర్డు ముట్టుకోలేదు. ఇంటి నంబరు అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి. తన ఇంటివే. ప్లగ్గు పీకేసింది. తెర ఆరలేదు.

తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, పాప ఏదీ?"

"ఇక్కడే ఉందే. ఎవరో పిలుస్తున్నారంటోంది, నాకేమో ఏం వినబడట్లేదు. తలుపు దగ్గరికెళ్లింది."

పేరు గడి నిండింది. 'బుజ్జులు'. ఏ కాగితంలోనూ లేని పేరు, ఇంట్లో పిలుచుకునే పేరు. పక్కనే నిలువు గీత ఒకటి ఆరి వెలుగుతోంది. తను తీసేసిన ఆ సెకను... అది ఇప్పుడు ఆగింది. బదులు కోసం.

"పలకొద్దని చెప్పు..." ఆమె నోట గుసగుసే వచ్చింది.

"ఏంటే? గట్టిగా చెప్పు."

దూరంగా పిల్ల గొంతు.

"ఆఁ... వస్తున్నా!"

గడియ తీసిన చప్పుడు. తల్లి అడుగులు.

"బయట ఎవరూ లేరే..." అంది తల్లి మెల్లగా. "గుమ్మం నుంచి మెట్ల కిందిదాకా చెప్పులు... వరుసగా. ఇన్నెవరివే? చివరి జత మన బుజ్జులుదే."