తలుపు పక్కన నీడ

"నా నీడ ఏమైంది?"

అతను కాఫీ కప్పు దించి చూశాడు. ఎదురుగా లైటింగ్ ఆర్టిస్ట్. ఆ గేముల కంపెనీలో, తెర మీది గదులకు వెలుగునీడలను చేత్తో దిద్దే అమ్మాయి. ఇప్పుడు కళ్లలో నిప్పులు.

"మీ వెనకాలే ఉందండీ."

"జోకులొద్దు. నా గదిలో, వంటింటి తలుపు పక్కన, గోడ మీద ఉండాలి. రాత్రికి రాత్రి మాయమైంది."

అతనికి అర్థమైంది. కంపెనీ అతన్ని తీసుకున్నదే రే ట్రేసింగ్ కోసం. ఆ పద్ధతిలో వెలుగు దేనికి తగిలి ఎటు మళ్లుతుందో కంప్యూటరే లెక్క కట్టుకుంటుంది. నీడలు వాటంతటవే పడతాయి.

"ఓ, అదా! అక్కడ మనిషే లేకుండా నీడ ఉంది కదా. బగ్ అనుకుని తీసేశాను."

"నన్నడిగారా?"

"లెక్క ప్రకారం..."

"లెక్కలు మీ దగ్గరే ఉంచుకోండి, సూర్యుడుగారూ! శుక్రవారం అందరికీ చూపించే గేములో నా పాత లైటింగే ఉండాలి. లేదంటే ఆ గదే ఉండదు."

విసురుగా వెళ్లిపోయింది. కిటికీ బయట వాన మొదలైంది.

అతను కంప్యూటర్లో పాత గది తెరిచి ఆ నీడను మొదటిసారి సరిగ్గా చూశాడు. ముడి వేసిన జుట్టు, చేతిలో గరిటె. లేచి ఆమె బల్ల దగ్గరకు వెళ్లాడు.

"ఎవరండీ ఆవిడ?"

ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"మా అమ్మ. అన్నానికి పిలవడానికి మా ఇంట్లో ఇలాగే తలుపు పక్కన నిలబడేది. నోరు తెరిచి పిలిచేది కాదు. నీడ చూసి మేమే లేచేవాళ్లం. కిందటేడు పోయింది. ముఖం గీద్దామంటే చెయ్యి రాలేదు. నీడ వరకే వచ్చింది."

క్షమించండి అనే మాట చాలదనిపించింది. అనకుండా వెళ్లి పనిలో పడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమెను పిలిచాడు.

"చూడండి. నచ్చకపోతే తీసేస్తాను. ఈసారి అడిగే తీస్తాను."

గదిలో రే ట్రేసింగ్ వెలుగు. నీడ మళ్లీ తన చోటే ఉంది. గాలికి దీపం ఊగింది. నీడ కూడా ఊగింది. ఎర్ర కర్టెన్ రంగు దాని అంచుల మీద పలచగా పాకింది.

"నాది కదిలేది కాదు," అంది ఆమె మెల్లగా. "ఎలా?"

"ఆడేవాళ్లు వెళ్లలేని వంటింట్లో ఒక మనిషిని నిలబెట్టాను. ముఖం పెట్టలేదు. అది మీకే తెలుసు."

ఆమె తెర దగ్గరకు వంగి చూసింది. తర్వాత అతని చేతిలోంచి మౌస్ లాక్కుని ఆ మనిషిని కాస్త పక్కకు ఒరిగించింది. "ఇలా, గుమ్మానికి ఆనుకునేది."

"అయితే రే ట్రేసింగ్ గొప్పదని ఒప్పుకున్నట్టేనా?"

"గొప్పదే. కాకపోతే ఎక్కడ ఎవరుండాలో దానికి తెలీదు. పక్కనుండి ఒకరు చెప్పాలి."

"జీవితాంతం చెప్తారా?"

"ముందు శుక్రవారం గడవనివ్వండి," అంది. కానీ మౌస్ తిరిగి ఇవ్వలేదు.

శుక్రవారం ఆమె నాన్నగారు వచ్చారు. గేము ఆడటం రాక, కూతురు చెప్పినట్టు బటన్లు నొక్కుతూ ఆ గదిలోకి వెళ్లారు. దీపం ఊగింది. గోడ మీద నీడ కదిలింది.

"వస్తున్నా," అంటూ ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

లేచినవారు అలాగే ఆగిపోయారు. కాసేపటికి కళ్లద్దాలు తుడుచుకుని, "ఎవరమ్మా చేసింది?" అన్నారు.

"ఇద్దరం, నాన్నా."

ఆయన అతన్ని చూశారు. కూతుర్ని చూశారు.

"అయితే ఇద్దరూ రండి, అన్నానికి."