మూడో చెరువు కెమెరా

ఏలూరులో సుమన స్కూటరు తీసేసరికి మంచు పలచగానే ఉంది. కైకలూరు దాటి చెరువుగట్టు ఎక్కాక మాత్రం పదడుగుల ముందు ఏముందో కనబడలేదు. గూడబాతుల రెక్కల చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో తెలియదు. నాచు వాసన, చేపల మేత వాసన కలిసి గొంతులో పట్టుకున్నాయి.

వచ్చిన పని మామూలుదే. తాడేపల్లిగూడెం వ్యాపారి జగన్నాథం గారికి ఆ గట్టు పక్కన చేపల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటర్లు, కెమెరాలు, నీళ్లు చిలికే ఏరేటర్ల స్విచ్చులు, అన్నీ అక్కడి ఆఫీసు రౌటరుకి వైర్‌లెస్ మీద కలిసి ఉంటాయి. వేసవిలో ఎవరో బయటివాళ్లు కెమెరాల్లోకి చొరబడితే, రౌటరులో ఉన్న కాపలాలన్నీ నెట్‌వర్క్ పనులు చేసే సుమన చేతే పెట్టించారాయన. కార్తీకంలో తుఫాను వెళ్లాక నెట్ నత్తనడక పట్టింది. మంచు రోజుల్లో నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరేటర్లు సమయానికి తిరక్కపోతే చెరువంతా చచ్చి తేలుతుంది. చేత్తో వేసే స్విచ్చులు ఎప్పుడో తీసేశారు.

లెక్కలు చూసే రాజ్యం గారు ఆమెను లోపలికి రానిచ్చి, వెంటనే తలుపు గడియ పెట్టేశారు. చలికి అనుకుంది సుమన.

లాప్‌టాప్ కలిపి చూస్తే రౌటరు ఊపిరాడనంత పనిలో ఉంది. కాపలా అంటే ఊరికే రాదు. నెట్‌లో వచ్చిన ప్రతి డేటా పొట్లాన్నీ విప్పి, లోపల ఏముందో చూసి, మళ్లీ కట్టి పంపాలి. అంత పని ఆ చిన్న పెట్టె మొయ్యలేదు. అదే సంగతి జగన్నాథం గారికి ఫోన్లో చెబితే, అయితే తీసేయండమ్మా, ముందు చేపలు బతకాలి అన్నారాయన.

సుమన ఒక్కొక్కటే తీస్తూ వచ్చింది. వెబ్‌సైట్ల వడపోత తీసింది. పొట్లాలు విప్పి చూడడం ఆపింది. వేగం కాస్త పెరిగింది గానీ భారం దిగలేదు. ఎందుకో చూస్తే, ఏదో ఒక్క చోటునుంచే ఎడతెరిపి లేకుండా తలుపు తడుతున్నట్టు పిలుపులు వస్తున్నాయి. అనుమతి లేనివాటిని గుమ్మం దగ్గరే ఆపే ఫైర్‌వాల్ ప్రతిదాన్నీ ఆపుతోంది. ఆ ఆపడంలోనే రౌటరు అలిసిపోతోంది.

"మూడో చెరువు కెమెరా నుంచండీ," అంది సుమన.

రాజ్యం గారు టీ గ్లాసు బల్లమీద పెట్టేశారు. మూడో చెరువు మీద కెమెరా లేదని ఆవిడ మెల్లగా చెప్పారు. తుఫాను రోజున కెమెరా ఉన్న స్తంభం నీళ్లలోకి ఒరిగింది. కెమెరా సరిచేయడానికి దానిమీదికి ఎక్కిన చెరువు పనివాడు ఏడుకొండలు కూడా దానితోనే పోయాడు. ఎన్ని వలలు లాగినా మనిషి దొరకలేదు. కెమెరా కూడా.

ఆ కెమెరా పాత నెట్ అడ్రసు ఇంకో పరికరానికి వచ్చి ఉంటుందని సుమన సర్దిచెప్పింది. తనకీ అదే చెప్పుకుంది. ఇంతలో ఆక్సిజన్ అలారం మోగింది. జగన్నాథం గారు మళ్లీ ఫోన్ చేశారు. సుమన ఒక్క క్షణం ఆలోచించి, ఫైర్‌వాల్ తీసేసింది.

రౌటరు మీద భారం ఒక్కసారిగా దిగిపోయింది. బయట మంచులో ఏరేటర్లు ఒకదాని వెంట ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. రాజ్యం గారు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

అప్పుడు కెమెరాల బొమ్మలు చూపించే గోడమీది టీవీలో, ఇన్నాళ్లూ నల్లగా ఉన్న మూడో చెరువు గడిలో బొమ్మ వచ్చింది.

పచ్చటి చీకటి... బురద. ఆ పైన, నీళ్ల అడుగునుంచి చూస్తే కనబడేలా, తిరుగుతున్న ఏరేటరు రెక్కలు. బొమ్మ కదిలింది. పైకి లేచింది. నీళ్లు కారుతున్న అద్దంలోంచి గట్టు, గడ్డి, మంచు... నడక లాంటి ఊపు. తరవాత నీలం రంగు తలుపు.

ఈ ఆఫీసు తలుపే.

ఇద్దరూ తలుపు వైపు చూశారు. గడియ పెట్టే ఉంది. బల్లమీది స్పీకరులో నీళ్లు గులగులమన్నాయి.

"తలుపు తీశారు కదండీ..."

ఎంతో మర్యాదగా అంది స్పీకరులోంచి ఓ మగ గొంతు. రాజ్యం గారు సుమన మోచెయ్యి పట్టుకున్నారు. "పెట్టెయ్యండమ్మా... మళ్లీ అన్నీ పెట్టెయ్యండి."

సుమన ఒక్కొక్కటీ తిరిగి పెట్టింది. ఫైర్‌వాల్. తనిఖీ. వడపోత. టీవీలో గడి నల్లబడింది. స్పీకరు ఆగింది.

ఇప్పుడు మళ్లీ నెట్ మందగించాలి. మందగించలేదు. కాపలాలన్నీ ఉన్నా రౌటరు తేలిగ్గా పనిచేస్తోంది. సుమన వెతికి చూసింది. మూడో చెరువు నుంచి పిలుపు ఒక్కటీ లేదు. తట్టడం ఆగిపోయింది. బయటున్నవాడు వెళ్లిపోయి ఉండాలి. లేదా... తట్టే అవసరం తీరి ఉండాలి. రెండోది ఆమె రాజ్యం గారితో అనలేదు.

పొద్దెక్కి మంచు కొంచెం విడింది. ఒక్క చేప కూడా చావలేదని జగన్నాథం గారు ఫోన్లో తెగ సంతోషించారు. సుమన కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. ఏరేటర్లు తిరుగుతున్నాయి, ఆక్సిజన్ నిండుగా ఉంది. చేపలు లోతుకి దిగిపోవాలి. దిగలేదు. ఎదుటి చెరువులో ఉన్న చేపలన్నీ ఆఫీసు వైపు గట్టుకి చేరి, తలలు నీళ్లపైకి ఎత్తి, కదలకుండా ఇటే చూస్తున్నాయి.

"అవి మనల్ని చూడట్లేదండీ," అన్నారు రాజ్యం గారు, పెదవులు కదిలీ కదలకుండా. "మన వెనకాల..."