గౌరామీల తొట్టెలో నురగ

ఆ ఉదయం కూడా చేపల తొట్టెలో నురగ తేలింది. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చిన సాయిప్రియ, ఒక మూల తెల్లగా చేరిన ఆ నురగను చూసి పళ్ళు కొరికింది. తెనాలి బజారంతా తిరిగి ముచ్చటపడి తెచ్చుకున్న నాలుగు చిన్న గౌరామీ చేపల్లో ఒకటి మొన్ననే చచ్చి తేలింది. మిగిలినవీ దక్కేలా లేవు.

"సబ్బునీళ్ళే. ఆవిడ పనే" అనుకుంది.

తొట్టె ఇంటికొచ్చిన రోజున అత్తగారు కనకదుర్గ మూతి ముడుచుకోవడం ఆమె మరిచిపోలేదు. "పులుసు పెట్టుకునే చేపలకి ఇంట్లో లైట్లేంటి, ఈ వైభోగమేంటి?" అందావిడ. పైగా తొట్టె కోసం బల్ల మీది ఊరగాయ జాడీలన్నీ అటకెక్కాయి. ఆ కసి ఊరికే పోతుందా? అత్త లేని కోడలు ఉత్తమురాలన్నారు పెద్దలు. అత్త ఉంటే ఎంత ఉత్తమురాలైనా తొట్టెకు కాపలా కాయక తప్పదు కాబోలు.

రోజూలాగే నీళ్ళన్నీ పారబోసి, కొత్తనీళ్ళు పట్టింది. రైలుకు బయలుదేరుతున్న భర్త జయకృష్ణకు బాక్సు అందిస్తూ గొంతు తగ్గించింది. అతని ఉద్యోగం బాపట్లలో, రోజూ వెళ్ళివస్తాడు.

"ఏవండీ, బాపట్లలో చూసిన ఇల్లు ఖాయం చేసేయండి."

"మరి అమ్మ?"

"నోరులేని జీవాల మీద పగ తీర్చుకునే మనిషితో నేనుండలేనండి."

"రాత్రికి మాట్లాడుకుందాంలే, రైలు పోతుంది" అంటూ అతను చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇరుక్కున్న మగాడికి రైలును మించిన దిక్కు లేదు.

మర్నాడు తెలతెలవారుతుండగానే సాయిప్రియ చప్పుడు చేయకుండా హాల్లోకి వచ్చింది. కనకదుర్గ తొట్టె మీదికి వంగి ఉంది. చేయి నీళ్ళలో ఉంది.

"ఏం కలుపుతున్నారండీ?"

కనకదుర్గ ఉలిక్కిపడి చేయి పైకి తీసింది. చేతిలో చిల్లుల గరిటె.

"నేను కలపడమేంటి? నువ్వు కలిపింది తీస్తున్నా! తొట్టెని సబ్బుతో తోమి సరిగ్గా కడగవు. పప్పు మీద తెట్టు తీసినట్టు రోజూ తీస్తున్నా. నువ్వు లేచేసరికి మళ్ళీ చేరుతోంది."

"నేను సబ్బే ముట్టలేదు! మీరు పోస్తున్నారని నేను రోజూ నీళ్ళు మారుస్తున్నా."

"నాకేం పట్టింది పోయడానికి?"

"మీ జాడీలు అటకెక్కించానని!"

కనకదుర్గ ముఖం పాలిపోయింది.

"జాడీల కోసం ప్రాణాలు తీసేదాన్నా నేను? అందుకేనా అబ్బాయితో బాపట్ల ఇల్లంటున్నావు? విన్నాన్లే. ఎందుకో అర్థంకాక రాత్రంతా నిద్రపట్టలేదు."

సాయిప్రియ తల తిప్పుకుంది. అప్పుడే తొట్టెలో నారింజరంగు మగచేప పైకి వచ్చింది. గరిటె తీసేసిన చోటే మూతి పెట్టి, గాలి మింగి, ఒక చిన్న బుడగ వదిలింది. కిందికి వెళ్ళి మళ్ళీ వచ్చి, దాని పక్కనే ఇంకొకటి పెట్టింది.

"ప్రియా, ఇటు చూడు! ఆ నురగ చేస్తోంది అదేనే!"

సాయిప్రియ ఫోన్ తీసి వెతికింది. దొరికింది పైకి చదివింది. "మగ గౌరామీ బుడగలతో గూడు కడుతుందట అత్తయ్యా. గుడ్లు అందులోనే దాచి కాపలా కాస్తుందట. నీళ్ళన్నీ ఒక్కసారే మార్చేస్తే చేపలు తట్టుకోలేవట."

"అయ్యో తల్లీ! రోజూ దాని ఇల్లు గరిటెతో తీసి పారేశానా?"

"మీరు తీసిన గూడు అది మళ్ళీ కట్టుకుంది. చచ్చిపోయినదాన్ని ఎక్కణ్ణుంచి తేను? చంపింది నేను అత్తయ్యా. మీరు చంపారని ఇల్లే వదిలిపోదామనుకున్నాను." సాయిప్రియ వెక్కివెక్కి ఏడ్చింది.

కనకదుర్గ ఆమె భుజం మీద చేయి వేసింది. "ఊరుకో. బాపట్ల వెళ్ళాలనుంటే వెళ్ళండి, నేను కాదనను. ఈ తొట్టెని మాత్రం ఇక్కడే ఉంచు. గూడు కట్టుకుంటున్నదాన్ని కదిలించకూడదు."

నోట్లో బ్రష్షుతో జయకృష్ణ గుమ్మంలోకి వచ్చాడు. తల్లి భుజం మీద వాలి ఏడుస్తున్న భార్యను చూసి హడలిపోయాడు. "ఏమైంది? బాపట్ల ఇంటాయనకి ఇవాళ ఏం చెప్పమంటారు?"

"వద్దని చెప్పండి" అంది సాయిప్రియ, అత్తగారి భుజం మీంచి తల ఎత్తకుండానే.