మేడ మీద ఎండ

మేడ మీది ఎండ ఎవరిదన్న దగ్గరే వాళ్లిద్దరికీ చెడింది.

అతను సోలార్ ప్యానెళ్లు బిగించే ఎలక్ట్రీషియన్. ఆమె కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. ఇల్లు ఆమె పిన్నిది. ప్యానెళ్లు పెట్టమన్నది పిన్ని. అదే మేడ మీద కుండీల్లో నాచుపూలు, బంతి, జీనియా పెంచుతున్నది ఆమె. ఒకరి సంగతి ఒకరికి పిన్ని చెప్పలేదు.

అడ్డంగా ఉన్నాయని అతను కుండీలన్నీ నీళ్ల ట్యాంకు నీడలోకి జరిపాడు. రోజూ చెంబెడేసి నీళ్లు కూడా పోశాడు. సెలవు రోజున ఆమె పైకొచ్చి చూసేసరికి నాచుపూలు ఒక్కటీ విచ్చుకోలేదు. కాడలు మెత్తబడ్డాయి.

"వీటినెవరు జరపమన్నారు?"

"పాపం, ఎండలో మాడిపోతున్నాయని..."

"ఎండే వాటి తిండండీ. మీరు తిండి మాన్పించి, నీళ్లతో కడుపు నింపారు."

ప్యానెల్ మీద కాకి నీడ పడినా ఊరుకోని మనిషి, పూలమొక్కల్ని తీసుకెళ్లి నీడలో పెట్టాడు. తలుచుకుంటే తనకే నవ్వొచ్చింది.

మర్నాడు పిన్నినడిగి ప్యానెళ్లను మెట్లగది పైకప్పుకు మార్చాడు. చట్రమంతా మళ్లీ కోయాల్సొచ్చింది. ఎక్కడుంటే నాకేం, ఫ్యాను తిరిగితే చాలందావిడ. కుండీలు తిరిగి ఎండలోకొచ్చాయి. ఆమె థాంక్స్ చెప్పలేదు. మట్టి ఆరేదాకా నీళ్లెందుకు పోయకూడదో, వాడిన పువ్వును ఏ కణుపు దగ్గర తుంచితే కొత్త మొగ్గ వేస్తుందో దగ్గరుండి చూపించింది. అతనికి అదే ఎక్కువనిపించింది.

పని అయిపోయింది. అయినా దుమ్ము తుడవాలంటూ అతను వస్తూనే ఉన్నాడు, అదీ సరిగ్గా ఆమెకు సెలవున్న రోజే. ఊళ్లో దుమ్మంతా మా ఇంటి మీదే పడుతున్నట్టుందని పిన్ని ఒకటి రెండుసార్లు అననే అంది.

తర్వాత ముసురు పట్టింది. ఆ ముసురులోనూ అతను తుడిచే గుడ్డతో మేడెక్కాడు. ఆమె తడుస్తూ జీనియా కుండీని మెట్లగది చూరు కిందికి లాగుతోంది. అతను రెండో వైపు పట్టుకున్నాడు. అన్నీ చేర్చాక ఆమె అడిగింది.

"ప్యానెళ్లను వానే కడిగేసిందిగా. ఇంకెందుకొచ్చారు?"

అతను చేతిలోని గుడ్డ వంక చూసుకున్నాడు. ఎంత వెతుక్కున్నా అబద్ధం దొరకలేదు.

"మిమ్మల్ని చూడటానికండీ. ఎప్పుడూ అందుకే వచ్చాను."

"పాపం, ఇన్నాళ్లూ ఆ ప్యానెళ్లని అరగదీశారు," అందామె. నవ్వు ఆపుకుంటోందని గొంతులోనే తెలిసింది. "కిందికి రండి. ఈ మాట పిన్నికీ మీరే చెప్పండి. మీకసలు మాటలే రావనుకుంటోంది."

పిన్ని తడి బట్టలు కుర్చీల మీద ఆరేస్తోంది. అతను గుమ్మంలోనే నిలబడి, నీళ్లోడుతూ, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ ఎగాదిగా చూసి ఒక తువ్వాలు అందించింది.

"ముందు తల తుడుచుకో బాబూ. తర్వాత మీ అమ్మగారి నంబరియ్యి."