దండెం మీద కెరటాసురుడు

కొందరు మొగుళ్లు తడి తువ్వాలు మంచం మీద పడేస్తారు. వకుళ మొగుడు ఎల్లారావు సగం సముద్రాన్ని పడేస్తాడు. స్నానాల గదిలో ఇసుక, బూట్లలో రొయ్యపిల్లలు, దిండు మీద నాచు. కెరటాసురుడని పట్నమంతా వణకాల్సిన మనిషికి, కాళ్లు కడుక్కుని ఇంట్లోకి రావడం మాత్రం ఇన్నేళ్లైనా అబ్బలేదు.

ఆ ఉదయం అతని త్రిశూలాన్ని చింతపండుతో తోమి, పొలుసుల కవచాన్ని ఉతికి పెరట్లో దండెం మీద ఆరేసింది. ఎల్లారావు బెణికిన మడమకు కాపడం పెట్టుకుంటున్నాడు.

"ఇయ్యాల కెరటాలేవీ లేపకండి. కవచం ఆరలేదు."

"అసురుడికి సెలవులుంటాయేటే?"

"అసురుడికి లేవు. ఉతికేదానికి కావాలి."

తర్వాత పనికెళ్లి, సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ, అలకట్ట, మీది గదిలో కూర్చుని వకుళ శ్రవణి అనే వినికిడి యంత్రాన్ని చెవులకు తగిలించుకుంది. ఆమె అలశ్రోత. సముద్రాన్ని వినడమే పని.

ఈ గోడ కట్టిన ఇంజనీర్లలో ఎల్లారావు ఒకడు. పునాది కింద ఇసుక జారిపోతోందని మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. భయపడితేనైనా బాగుచేస్తారని కెరటయంత్రం నడుముకు కట్టుకుని, ముసుగు వేసుకుని నీళ్లలోకి దిగాడు. మొదట్లో పట్నం భయపడింది. తర్వాత డాబాల మీద కుర్చీలు వేసుకుంది. ఇప్పుడు అసురుడొచ్చాడని గోడ మీది సైరన్ అసురకూత మోగితే జనం వేరుశనగల పొట్లాలతో మేడెక్కుతారు. నిజం ఉప్పెన వచ్చి ఉప్పెనకూత మోగితే కొండెక్కాలి. అది ఇంతవరకూ మోగలేదు.

మధ్యాహ్నం సముద్రం ఊపిరి బిగబట్టినట్టు వెనక్కి తగ్గింది. తర్వాత దూరంగా ఓ కెరటం కదిలింది. ఎల్లారావు లేపే కెరటాల్లో యంత్రం గొణుగుడు ఉంటుంది. అతని గురక ఎంత పరిచయమో, ఆమెకు అదీ అంతే. ఈ కెరటంలో ఆ గొణుగుడు లేదు.

"అంచనాలో లేని కెరటం," అంది కూతలు మోగించే గోడయంత్రం. "కర్త: కెరటాసురుడు. అసురకూత ప్రారంభం."

డాబాల మీద కుర్చీలు జరిగాయి. వకుళ రెండో పిడి, ఉప్పెనకూతది, లాగింది.

"నిరాకరణ. అసురుడు సముద్రంలో లేడనడానికి సాక్ష్యం చెప్పండి," అంది యంత్రం.

ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"పెరట్లో. ఏటైంది?"

"మీరు లేపని కెరటం వస్తోంది. ఉప్పెనకూత మోగాలంటే మీరెక్కడున్నారో చెప్పాలట. చెప్తే పట్టుకుపోతారు."

"చెప్పీయవే. మరి నువ్వు?"

ఆ పిడి మీంచి చెయ్యి తీస్తే కూత ఆగిపోతుంది. గోడ కట్టేనాడు దాన్ని అలా గీసింది అతనే.

"జనం కొండెక్కాక దిగుతాను. కాపడం నీళ్లు చల్లారిపోతాయి, చూసుకోండి."

ఫోన్ పెట్టేసి యంత్రంతో అంది: "కెరటాసురుడు మా ఇంట్లో ఉన్నాడు. నా మొగుడే. కవచం దండెం మీద ఆరుతోంది."

వీధిలోని కెమెరా, వీధికన్ను, పెరట్లోకి తొంగిచూసింది. "సాక్ష్యం అంగీకృతం," అంది గోడయంత్రం.

ఉప్పెనకూత లేచింది. డాబాల మీద ఎవరూ కదల్లేదు. కూత కొత్తగా ఉందని చప్పట్లు కొట్టారు.

అప్పుడు గదిలోని వీధికన్ను తెర మీద ఎల్లారావు కనిపించాడు. తడి కవచం తొడుక్కుని, ముసుగు లేకుండా, త్రిశూలం ఊతకర్రలా పట్టుకుని, కుంటుతూ బజారు మధ్యకు వచ్చాడు. ఈలలు పడ్డాయి. ఒక డాబా మీంచి ఎవరో ముసలమ్మ అరిచింది:

"ఓరి నాయనో, అసురుడు బజార్లో ఉన్నాడేటి? మరి సముద్రంలో ఎవుడున్నాడ్రా?"

"ఎవడూ లేడమ్మా," అన్నాడు. పట్నాన్ని బెదిరించడానికి త్రిశూలంలో పెట్టుకున్న మైకు ఆ మాటను వీధి వీధికీ మోసింది. "అది సముద్రమే. కొండెక్కండి."

ఒక కుర్చీ పడింది. తర్వాత అన్నీ పడ్డాయి. జనం కొండ వైపు పరుగెత్తారు. ఆ పరుగుకు ఎదురుగా అతనొక్కడే కుంటుకుంటూ గోడ వైపు నడిచాడు.

శ్రవణిలో హోరు దగ్గరవుతోంది. వకుళ దాన్ని తీసి పక్కన పెట్టింది. పిడి వదల్లేదు.

బయట మైకులో అతని గొంతు వినిపించింది.

"భయం నేర్పుదామనుకున్నానే. తమాషా నేర్పీసినాను. తప్పు నాదే, వకుళా."