లాకు పలక మీది సంవత్సరం

శనివారం ఉదయం ట్రూడీ వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, అమెరికా అంతర్యుద్ధం నాటి తుపాకీని తుడవసాగింది. ఐదు తరాల కిందటి పెద్దాయన దాన్ని భుజాన వేసుకుని యుద్ధానికి వెళ్లి, ప్రాణాలతో తిరిగొచ్చాడు. నిరుడు తండ్రి మెర్ల్ పోతూ పోతూ దాన్ని కొడుక్కి కాక కూతురికిచ్చాడు. మర్నాడు గెటిస్‌బర్గ్‌లో పాత ఆయుధాల ప్రదర్శనలో పెట్టాలని ఆమె ఉబలాటం.

గొట్టం మీద 1862 అని ఉంది. ట్రిగ్గర్ పైనుండే లాకు, అంటే తుపాకీని పేల్చే యంత్రం, దాని పలకను తుడిచేసరికి 1863 బయటపడింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. "రెండు చోట్లా ఒకటే సంవత్సరం, చూశావా? ఒక్క ముక్కా మారలేదు" అని తండ్రి ఎంత మురిసిపోయేవాడు! ముక్కలు మారిన తుపాకీ అయితే, పాత ఆయుధాలు సేకరించేవాళ్లు ఎత్తి చూసి, విలువ లేదని కింద పెట్టేస్తారు.

1863 నాటి లాకు ఎవరి తుపాకీదో ఆమెకు తెలుసు. తమ్ముడు రాండీ అలాంటిదే ఒకటి కొనుక్కున్నాడు; దాని గొట్టం 1862ది, లాకు 1863ది. ఫోన్ చేసి పిలిచింది. అతను గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, మీద పడింది.

"దొంగవెధవా! నాన్న నాకిచ్చినదాని లాకు ఊడబీకి నీదానికి బిగించుకున్నావా?"

"అరవకే అక్కా, అమ్మ ఉంది."

"ఉండనీ! కొడుకు ఘనకార్యం వింటుంది!"

"రెండూ పేలతాయిగా. ఇప్పుడేం పోయింది?"

"ఏం పోయిందా? అన్నేళ్లు ఒక్కటిగా ఉన్నదాన్ని అతుకుల బొంత చేశావు! ఎవరిచ్చారురా నీకా హక్కు?"

రాండీ మొహం ఎర్రబడింది. "నాది నాన్నకి చూపించిన రోజు ఏమన్నాడో తెలుసా? 'గొట్టం ఒకటి, లాకు ఒకటి. అచ్చం నీలాగే, దేనికీ కుదరదు' అన్నాడు. ఆయనకి తెలీకుండా ఆయనదీ నాదీ లాకులు మార్చి మళ్లీ చూపించాను. చేత్తో తడిమి, 'ఇదీ తుపాకీ అంటే' అన్నాడు. పుట్టాక నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. మళ్లీ ఊడదీయడానికి చేతులు రాలేదక్కా."

పొయ్యి దగ్గరున్న తల్లి ఆర్లీన్ వెనక్కి తిరగలేదు. "నిజమేనే. 'అచ్చం నీలాగే' అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను."

"విని ఊరుకున్నావా అమ్మా?"

"ఊరుకున్నాను. ఆయన మాటకి ఎదురుచెప్పడం నాకెప్పుడు చేతనైంది గనక?" అంటూ ఆవిడ ఏప్రన్‌తో కళ్లొత్తుకుంది.

ట్రూడీ ఒళ్లు మండిపోయింది. ఈసారి మంట తమ్ముడి మీద కాదు. పోయినవాణ్ణి నిలదీసేదెలా?

"నీ తుపాకీ పట్రా" అంది చివరికి.

ఇద్దరూ కూర్చుని ఎవరి లాకు వాళ్లదానికి బిగించుకున్నారు. తల్లి కాఫీ పోసింది.

మర్నాడు ప్రదర్శనలో ట్రూడీ రెండు తుపాకులనూ పక్కపక్కనే పెట్టింది. ఒకాయన రాండీది ఎత్తి చూసి పెదవి విరిచాడు. "లాకు వేరేదానిది. ఇలాంటిది బల్లెక్కించడానికి సిగ్గుండాలి."

రాండీ తల దించుకున్నాడు.

"వేరేదే. మేమేం దాచలేదు" అంది ట్రూడీ, గొంతు పెంచి. "నచ్చకపోతే కింద పెట్టి వెళ్లండి. మా తమ్ముడు ఇష్టపడి కొనుక్కున్నది. దాన్ని ఇంకోమాట అంటే మాత్రం ఊరుకోను!"

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. రాండీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఏడుపుతో అతని భుజాలు కదులుతున్నాయి. ట్రూడీ కుర్చీ జరుపుకుని, తమ్ముడి పక్కనే కూర్చుంది.