అన్నిటికీ ఆరు పాయింట్ తొమ్మిది

హనుమాయమ్మ మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఆయన దొంగ కాదని ఊరికి చెప్పాలమ్మా. రేపు మాసికం. భోక్తలుగా రావాల్సిన బ్రాహ్మలిద్దరూ రామని కబురు చేశారు."

డిటెక్టివ్ సరోజినీదేవి కళ్ళజోడు పైకి తోసుకుంది. పక్కన అసిస్టెంటు ప్రభుదాసు నోట్‌బుక్కు తెరిచాడు గానీ రాయడానికేముంది? తిరువూరులో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. దత్తాత్రేయులు ఇరవై ఏళ్ళుగా నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టు. పెనుగొలను రైతు బసవపున్నయ్య తన బోరు నీళ్ళు తెస్తే, పిహెచ్ 6.9, మొక్కలకు పోసుకోవచ్చని రాసిచ్చాడు. మర్నాడు ఆదివారం తెల్లారకముందే గుండె ఆగి పోయాడు. ఆ నీళ్ళు పోసిన మూడువేల మామిడి అంట్లు వారంలో మాడిపోయాయి. విజయవాడలో మళ్ళీ చూపిస్తే 3.1 అన్నారు. అంటే చింతపండు పులుసంత పులుపు! బోరు పక్కనే పులిసిన మురుగు వదిలే మామిడి గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళ దగ్గర ముసలాయన లంచం తిన్నాడని ఊరు తేల్చేసింది. చచ్చినవాడు లేచొచ్చి జవాబు చెప్పడు కదా, లోకానికి అంతకన్నా సుఖమేముంది?

చెప్పడనడానికీ లేదు. ఆయన పోయినప్పటినుంచి ఆ ల్యాబులో మీటరు దేన్లో ముంచినా 6.9 ఒక్కటే చూపిస్తోందట.

"ఆ శనివారం ఆయన ఎలా ఉన్నారమ్మా?" అని అడిగింది సరోజినీదేవి.

"పొద్దున్నే ఛాతీలో మంటన్నారు. వెళ్ళొద్దని మొత్తుకున్నాను. రైతు ఎదురుచూస్తాడే అని వెళ్ళారు."

ల్యాబు యజమాని రామనాథ్ తలుపు తీసి తను మాత్రం గుమ్మం బయటే నిలబడ్డాడు. శాంపిళ్ళు మోసుకొచ్చే సుందరరాజైతే రెండడుగులు వెనకే ఉన్నాడు.

"వచ్చే గురువారం శాంతి హోమం చేయిస్తున్నానండి. ఆయన ఇంకా ఇక్కడే ఉన్నారు మేడం," అన్నాడు రామనాథ్. అతని కళ్ళకింద నల్లగా చారలు పడ్డాయి.

సరోజినీదేవి నిమ్మకాయ, కిళ్ళీకొట్టు సున్నం తెప్పించింది. చివర గాజు గుండున్న కడ్డీని, అదే ఎలక్ట్రోడ్‌ని, నిమ్మరసంలో ముంచింది. 6.9. నీళ్ళతో కడిగి సున్నపు తేటలో ముంచింది. 6.9. దయ్యాల్లేవని భార్య దగ్గర గొప్పలు పోయే ప్రభుదాసు చెయ్యి దానంతటదే మెడలోని సిలువను పట్టుకుంది. ఫ్యాను కూడా తిరగని ఆ గదిలో, తన వెనకే ఎవరో నిలబడి ఆ అంకె చదువుతున్నట్టే అనిపించింది.

"ఆయన రోజూ ఏం చేసేవారు సుందరరాజూ?"

"పొద్దున్నే ఆ సీసాల్లో, నాలుగుదీ ఏడుదీ ఉంటాయండి, ముంచేవారు. రెండూ సరిగ్గా చూపిస్తేనే పని. రిజిస్టర్లో సంతకం కూడా పెడతారు."

రిజిస్టర్లో ఆ శనివారం ఉంది. 4.00, 7.00, కింద సంతకం.

"తర్వాత?"

"పదకొండింటికి కాఫీకెళ్ళొచ్చారు. ఓనరుగారే బలవంతాన పంపారు. వచ్చాక రైతు శాంపిలు చూశారు."

"ఇంకో ఎలక్ట్రోడ్ ఉందా?"

"ఏప్రిల్లో కొత్తదొచ్చిందండి. కొరియర్లో గాజు చిట్లిందని, వాపసు పంపడానికి బీరువాలో పెట్టారు."

మీటరు మీద, త్రాసు మీద, స్టవ్వు మీద ఎర్రగా కుంకుమ మరకలున్నాయి. "దసరా బొట్లండీ. ఏ వస్తువునీ వదిలేవారు కాదు. ఏడాదంతా తుడవనిచ్చేవారు కాదు," అన్నాడు సుందరరాజు.

ఆఫీసు గదిలో వెంకటేశ్వరస్వామి పటానికి ఎండిన దండ వేలాడుతోంది. అగరొత్తుల బూడిద మాత్రం బల్ల సొరుగు కింద రాలి ఉంది. ఇదెక్కడి భక్తిరా బాబూ అనుకున్నాడు ప్రభుదాసు.

"ఆ గుజ్జు ఫ్యాక్టరీ ఎవరిది?" అంది సరోజినీదేవి.

"మా బావమరిదిదే. అయితే?" అన్నాడు రామనాథ్, ఠక్కున.

సాయంత్రం ఐదింటికి అందరూ ల్యాబులో చేరారు. బసవపున్నయ్య హనుమాయమ్మ వంక చూడకుండా గోడకు ఆనుకున్నాడు. మూడు వారాల కిందట ఆమె గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టినవాడు మరి.

"దయ్యం లేదు. గాజు చిట్లిన ఎలక్ట్రోడ్ దేన్లో ముంచినా ఏడు దగ్గరే ఆగిపోతుంది. ఇదిగో చిట్లిన గీత," అంటూ సరోజినీదేవి గాజు గుండును వెలుతురుకు పట్టింది. "చిట్లినదైతే ఆ పొద్దున నాలుగు చూపించలేదు. కాబట్టి సంతకం పెట్టాక, శాంపిలు చూడకముందు ఎవరో మార్చారు. మధ్యలో జరిగింది కాఫీ ఒక్కటే. ఆయన ఛాతీ నొప్పిలో ఉన్నారు, అంకె చూశారు గానీ దీని నెత్తిన బొట్టు లేదని చూడలేదు. ఏ వస్తువునీ వదలని మనిషి దీనికి బొట్టెందుకు పెట్టలేదు? దసరాకి ఇది ఇక్కడ లేదు, ఏప్రిల్లో వచ్చింది గనక! బొట్టున్నది ఎక్కడుందో అగరొత్తి బూడిదే చెప్పింది. ప్రభూ, ఆఫీసు బల్ల సొరుగు తియ్యి."

రామనాథ్ అడ్డం రాలేదు. సొరుగులో పట్టుగుడ్డ మీద ఎలక్ట్రోడ్ ఉంది. నల్లటి నెత్తిన కుంకుమ బొట్టు. గాజు గుండుకున్న తొడుగు నిండా ఉప్పునీళ్ళు.

"ఫ్యాక్టరీ మూస్తారని మా ఆవిడా బావమరిదీ ఏడ్చారండి. ఒక్క రిపోర్టేగా, సోమవారం పాతదే తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఆయన పోయారు." రామనాథ్ నేలమీద కూలబడ్డాడు. "పారేద్దామని రోజూ తీసేవాణ్ణి. ఆ బొట్టు చూస్తే ఆయన నుదురే కనిపించేది, చెయ్యి రాలేదు. ఎండితే చచ్చిపోతుందని ఆయనే చెప్పేవారు. అందుకే రోజూ నీళ్ళు పోశాను."

సరోజినీదేవి ఆ ఎలక్ట్రోడ్‌ని మీటరుకు తగిలించి నిమ్మరసంలో ముంచింది. అంకె కదిలింది. ఐదు, నాలుగు, మూడు... 2.4 దగ్గర నిలిచింది. హనుమాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వలవలా ఏడ్చింది.

"నెల రోజులుగా ఆయనకి నీళ్ళు వదిలింది నువ్వన్నమాట," అంది రామనాథ్‌తో. "బతికున్నప్పుడు నోట ఒక్క నిజం వదిలి ఉంటే సరిపోయేది నాయనా."

బసవపున్నయ్య తలగుడ్డ విప్పి ఆమె ముందుకొచ్చాడు. ప్రభుదాసు రాయడం ఆపేశాడు.

"నోటికొచ్చినట్టు తిట్టానమ్మా. రేపు మీ ఇంటికొస్తాను. భోక్తగా నేను పనికిరాను. పదిమందిలో కూర్చుని తింటాను, ఊరు చూస్తుంది. రమ్మంటారా?"

హనుమాయమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఒంటిగంటకి విస్తళ్ళు వేస్తాం. ఆయనకి ఆలస్యమంటే గిట్టదు, వేళకి రండి."